కాకులావిడ

ఆ పేరు ఆవిడకి మొగుడి వల్ల వచ్చింది. ఆయన్ని చర్చి సంఘంలో అందరూ కాకులాయన అనేవారు. నోరు తెరిస్తే చాలు, ఏలీయా ప్రవక్త కథే. కరువు రోజుల్లో ప్రవక్త వాగు ఒడ్డున కూర్చుంటే దేవుడు కాకుల చేత పొద్దునా సాయంత్రమూ రొట్టె పంపించిన కథ. వినీ వినీ మిగతావాళ్ళకి ఆవలింతలొచ్చేవి గానీ, చెప్పేటప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు మాత్రం ప్రతిసారీ కొత్తవే. కాకులాయన పెళ్ళాం కాబట్టి ఆవిడ కాకులావిడ అయింది. వేళాకోళానికి పెట్టిన పేరే. ఎంత సరిగ్గా పెట్టారో పెట్టినవాళ్ళకి చాలా ఏళ్ళ దాకా తెలియలేదు.

పెళ్ళైన కొత్తలో ఆయనకి గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేది. చేతులు బార్లా చాపితే రెండు గోడలూ తగిలేంత కొట్టు. ఒక కంటికి భూతద్దం బిగించుకుని, చీమ కాలంత మరలని పట్టకారుతో ఎత్తి, ఊపిరి బిగబట్టి లోపల కూర్చోబెట్టేవాడు. పని తెలిసినవాడు, అబద్ధమాడనివాడు. అటువంటివాడి సంసారం కడుపులో చల్ల కదలకుండా సాగిపోవలసిందే. సాగిపోయేది కూడా, ఆ ఆదివారం పాస్టరు గారు మన్నా గురించి చెప్పకపోయి ఉంటే.

ఎడారిలో ఆకాశం నుంచి రాలిన ఆహారం. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. రేపటికని దాచుకున్నవాడి గిన్నెలో తెల్లారేసరికి పురుగులు. పాస్టరు గారు బాగానే చెప్పారు. అందరూ విన్నారు, ఆమేన్ అన్నారు, ఇంటికెళ్ళి మిగిలిన కూర మీద మూత పెట్టుకున్నారు. ఈయన ఒక్కడే నమ్మాడు.

వారం తిరగకుండా కొట్టు తమ్ముడికి ఇచ్చేశాడు. భూతద్దం, పట్టకార్లు, గోడ మీద గడియారాలు, అన్నీ. ఇంటికొచ్చి పెళ్ళాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పెళ్ళిచూపుల్లో కూడా అంత సిగ్గుగా మాట్లాడనివాడు, మెల్లగా చెప్పుకొచ్చాడు. ఇకమీదట మనుషుల్ని దేనికీ అడగకూడదు. రేపటికని ఏదీ దాచకూడదు. ఇంట్లో గింజ లేకపోయినా సరే, వేళకి పొయ్యి వెలిగించి నీళ్ళు పెట్టాలి. ముందు మన విధేయత, తర్వాత ఆయన ఇచ్చేది.

"సారెపతు విధవరాలు ఏం చేసింది? డబ్బాలో ఉన్నది పిడికెడు పిండి. ముందు ప్రవక్తకి రొట్టె కాల్చిపెట్టమంటే పెట్టింది. ఆ పిండి ఇంక అయిపోలేదు. మనం నీళ్ళు పెడదాం, అంతే. బియ్యం సంగతి ఆయన చూసుకుంటాడు" అన్నాడు.

"నేను ఎక్కడైనా పనికి వెళ్తాను" అంది ఆవిడ.

"వద్దు. నువ్వు కూలికి పోతే దేవుడి చెయ్యి కురచైపోయిందని ఊరంతా చాటింపేసినట్టే. నాకు మాటివ్వు."

మాటిచ్చింది. కుర్రది, మొగుడి మొహం వెలిగిపోతుంటే చూసి మురిసింది. ఇవ్వకుండా ఉండవలసిందని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్క లేదు.

మొదట్లో ఆయన నమ్మకం చూసి ముచ్చటపడి ఎవరో ఒకరు ఏదో ఒకటి తెచ్చి ఇచ్చేవారు. సంఘంలో ముచ్చట ఎన్నాళ్ళుంటుంది? తగ్గింది, ఆగిపోయింది. ఒక పొద్దున పొయ్యి మీద నీళ్ళు మరిగి, ఆవిరై, సగానికొచ్చాయి. ఆవిడ మళ్ళీ నిండా పోసింది. మళ్ళీ మరిగాయి. ఆయన మోకాళ్ళ మీద ప్రార్థిస్తూనే ఉన్నాడు, అంతకుముందు రోజు కూడా ఏమీ తినలేదు. స్తోత్రం, స్తోత్రం అంటూ అలాగే పక్కకి ఒరిగిపోయాడు. ఆవిడ మొహాన నీళ్ళు కొట్టి, ఆయన కళ్ళు తెరిచేదాకా ఉండి, మెట్లెక్కి పై వాటాలో ఉండే, తను అక్కా అని పిలిచే పొరుగావిడ దగ్గరికి పరిగెత్తింది.

ఆ అక్క కోట్లు కుట్టే షాపుకి లైనింగులు కుట్టేది. భారీ మనిషి, నోరు ఇంకా భారీ. విషయం విని, "నీ మొగుడికి పిచ్చి, నీకు అంతకన్నా పిచ్చి" అంది. అని ఊరుకోలేదు. కోటు ముక్క ఒకటి ఒళ్ళో పడేసి, "కాజాలు కుట్టడం వచ్చా?" అంది.

రాదు. నేర్చుకుంది. కోటు కాజా అంటే చొక్కా కాజా కాదు. మందపాటి గుడ్డని కోసి, కోసిన అంచు చుట్టూ ఒక లావుపాటి దారం పరిచి, దాని మీద కొవ్వొత్తి ముక్కకి రాసిన సన్న దారంతో ముడి పక్కన ముడి, ముడి పక్కన ముడి, వెంట్రుక కూడా దూరకుండా వేసుకుపోవాలి. ఒక్క ముడి వదులైతే మొత్తం ఊడదీయమనేవాడు టైలరు మాస్టారు. ఆ సాయంత్రానికి కుట్టింది వంకర్లు పోయినా, అక్క జాలిపడి తన పనిలో కలిపేసింది. దానికి బదులుగా బియ్యం, కాసిని పప్పు.

ఇప్పుడు అసలు చిక్కు. సంచి పట్టుకుని ఇంట్లోకి ఎలా పోవడం? ఎక్కడిదంటే ఏం చెప్పాలి? మాట తప్పానని చెప్పాలి. అప్పుడే ఒరిగిపోయి లేచిన మనిషికి ఆ మాట ఎలా చెప్పడం? "రేపు పొద్దున ఆయన కళ్ళు మూసుకున్నప్పుడు గుమ్మంలో పెట్టి తలుపు కొట్టక్కా. ఈ ఒక్కసారికే" అంది.

అక్క తలుపు కొట్టింది. ఆయన కళ్ళు తెరవలేదు. అది ఆయన పద్ధతి: ప్రార్థన ముగిసి, అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా తలుపు తియ్యకూడదు, దేవుడు పంపినవాణ్ణి నిఘా వేసి చూడకూడదు. మెల్లగా లేచి తలుపు తీశాడు. సంచి చూశాడు. గుమ్మంలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ వెనక నిలబడి ఆ ఏడుపు చూసింది. మొగుడు అంత సంతోషపడటం పెళ్ళైన తర్వాత అదే మొదటిసారి. ఇప్పుడు కాదులే, తర్వాత చెబుదాం అనుకుంది.

ఆ "తర్వాత" అనేది ఎప్పటికీ రాలేదు. ఆ ఆదివారమే ఆయన సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాడు. జనం కళ్ళు తుడుచుకున్నారు. ఇక చెప్పేదేముంది? చెబితే, నిండు సంఘంలో మొగుడు అబద్ధమాడినట్టే. చెప్పకపోతే రేపటికి మళ్ళీ నీళ్ళు పెట్టమంటాడు. పెట్టమన్నాడు. ఆవిడ పెట్టి, ఆయన వీధుల్లో బోధకి, ఆస్పత్రుల్లో రోగుల పరామర్శకి వెళ్ళగానే పైకెక్కి సూది పట్టుకుంది.

అలా ఏళ్ళు గడిచాయి. ఆయన జుట్టు నెరిసింది, ఆవిడ నడుం వంగింది, అక్క మోకాళ్ళు అరిగాయి. "నీ మొగుడి దేవుడికి కీళ్ళనొప్పులొచ్చాయని చెప్పు. ఇంక మెట్లు దిగలేడని చెప్పు" అని అక్క రోజూ గొణిగేది. రోజూ దిగేది. ఒకసారి తలుపు దగ్గర గట్టిగా తుమ్మింది కూడా. లోపల ఆవిడకి ప్రాణం పోయినంత పనైంది. ఆయన కళ్ళు మూసుకునే, "ప్రభువా, నీ దూతకి జలుబు చేసింది, స్వస్థపరచు" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. ఆ మనిషిని తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా చేసేది ఆ అమాయకత్వమే.

తిట్టుకోలేదని కాదు. కుళ్ళి కుళ్ళి తిట్టుకునేది. చెప్పుల విషయంలో మరీ. ఆయన నడిచి నడిచి చెప్పులు అరిగిపోయి, ప్రార్థనలో, "నా పాదాలు నీ పని మీద తిరుగుతున్నాయి ప్రభువా, వాటి సంగతి నీకు తెలుసు" అన్నాడు. ఆవిడ చలికాలమంతా రెండింతలు కుట్టింది. ఆయన పాత చెప్పు కాగితం మీద పెట్టి గీత గీసుకుని, ఆ కాగితం పట్టుకుని కొట్టుకి వెళ్ళి తోలు బూట్లు కొంది. గుమ్మంలో పెట్టించింది. ఆదివారం ఆయన వేదికెక్కి, ఒక కాలు పైకెత్తి అందరికీ చూపించి, "నా ప్రభువుకి నా కాలి కొలత కూడా తెలుసు!" అన్నాడు. హాలంతా చప్పట్లు. పక్కన కూర్చున్న ముసలావిడ ఈవిడ చెయ్యి పట్టుకుని, "ఎంత అదృష్టవంతురాలివమ్మా, ఏ కష్టమూ లేకుండా కూర్చోబెట్టి పోషిస్తున్నాడు దేవుడు" అంది. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఆ చేతి వేళ్ళ చివర్లు సూది పోట్లకి రాయిలా గట్టిపడి ఉన్నాయి, పట్టుకున్నావిడకి అదీ తెలియలేదు.

ఆవిడ కోరిక పెద్దదేం కాదు. ఎప్పుడో ఒకసారి మొగుడు తన చెయ్యి పట్టుకుని, "ఇదేంటే, వేళ్ళు ఇలా అయ్యాయేం?" అని అడగాలి. అంతే. అడిగితే చెప్పేద్దామని చాలాకాలం ఎదురు చూసింది. ఆయన ఆకాశాన్ని చూసినంత శ్రద్ధగా పక్కనున్న మనిషిని చూడడు. చూపు తగ్గితే కళ్ళజోడు కొనుక్కుంది, అది అక్క గదిలోనే ఉండాలి. కిందికి తెస్తే ఎక్కడిదంటాడు. కింద గుడ్డిదానిలా తడుముకుంటూ పప్పులో రాళ్ళు ఏరుతుంటే, "నీ కళ్ళ కోసం కూడా ప్రార్థన చేద్దాం" అన్నాడు ఓ రోజు. పైన మేకుకి వేలాడుతున్న కళ్ళజోడు గుర్తొచ్చి ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. ఎందుకు నవ్వావంటే, ఏం లేదండీ అంది.

ఇదంతా ఆ ఇంటితో పోయి ఉంటే ఎవరికీ నష్టం ఉండేది కాదు. మొగుడి మీద జాలికి ఒక ఆడది జీవితం అరగదీసుకుంది, అంతే. అటువంటివి ఏ వీధిలో చూసినా కనబడతాయి. కొంప ముంచింది ఆ బూట్ల సాక్ష్యం.

ఆ రోజు వెనక బల్ల మీద ఒక పెయింటరు కూర్చున్నాడు. ఇళ్ళకి రంగులేసే కుర్రాడు, ఉడుకు రక్తం. కూడిక అయ్యాక వచ్చి కాకులాయన రెండు చేతులూ పట్టుకుని, "అయ్యగారూ, ఇన్నాళ్ళూ నిచ్చెనని నమ్ముకున్నాను. ఇంక నమ్మను" అన్నాడు. నిచ్చెన, బ్రష్షులు ఎవరికో ఇచ్చేశాడు. వాడికి పెళ్ళాం ఉంది, చంకలో పాలు తాగే పిల్ల ఉంది.

రెండు రోజులకి ఆ పిల్లతల్లి వచ్చింది. పెరట్లో పంపు దగ్గర గిన్నెలు తోముతున్న ఆవిడ పక్కన చతికిలబడి, గొంతు తగ్గించి, "పెద్దమ్మా, ఒక్క మాట నిజం చెప్పండి. నిజంగా వస్తుందా?" అంది.

పంపుకి ఎదురుగానే కిటికీ. కిటికీలో ఆయన. చేతిలో బైబిలు, ముఖం నిండా నవ్వు. తన పెళ్ళాం ఏం చెబుతుందో ఆయనకి అనుమానమే లేదు. ఆవిడ చేతిలో గిన్నె, నోటి దాకా వచ్చిన మాట. ఆ పిల్లతల్లి కళ్ళలోకి చూడకుండా గిన్నె తోముతూనే, "వస్తుందమ్మా" అంది.

చెప్పాక నోరు కోసుకోవాలనిపించింది. కోసుకోలేదు, దానికి బదులు రెండో ఇంటికి కూడా కుట్టడం మొదలుపెట్టింది. అక్క నెత్తి బాదుకుంది. "ఒక కొంపకి దేవుడుగా చేసేసరికే నా తల ప్రాణం తోకకొస్తోంది. రెండో కొంప నా వల్ల కాదు తల్లీ!" అంది. అందుకని అక్కడికి ఆవిడే వెళ్ళేది. పెయింటరు వాళ్ళు మధ్యాహ్నం ప్రార్థన చేసుకుంటుంటే గుమ్మంలో మూట పెట్టి, తలుపు తట్టి, నెరిసిన తలతో నీళ్ళ డ్రమ్ము వెనక నక్కేది. తలుపు తెరిచిన పెయింటరు స్తోత్రం అని అరిచేవాడు. డ్రమ్ము వెనక ఆవిడ నడుం పట్టేసి లేవలేక తిట్టుకునేది, వాణ్ణి, మొగుణ్ణి, తనని. దేవుణ్ణి మాత్రం తిట్టలేదు. ఆయన జోలికి పోవడానికి ఇప్పటికీ భయమే.

ఎన్నాళ్ళిలా అని అక్క అడిగేది. పిల్ల నడిచేదాకా అనేది ఆవిడ. ఆ తర్వాత తల్లి పనికి పోగలదు, మొగుడి కళ్ళు కప్పి. కుట్టడం నేను నేర్పుతాను అనేది.

పిల్ల నడవకముందే షాపులో కాజాల మిషన్ దిగింది. టైలరు మాస్టారు మంచివాడే, ఆవిణ్ణి పిలిచి మరీ చూపించాడు. కోటు అంచు కింద పెట్టాడు, మీట నొక్కాడు, కరకరలాడి ఆగింది. కాజా తయారు. "ఏం చెయ్యనమ్మా, అందరూ తొందరంటున్నారు. చేత్తో ఎవరు వేయించుకుంటున్నారిప్పుడు" అన్నాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఆ కాజాని చాలాసేపు చూసింది. ఏదైనా వంక దొరుకుతుందేమోనని చూసింది. బాగానే ఉంది. కళ్ళజోడు తీసి అక్క గదిలో ఎప్పటి మేకుకే తగిలించి కిందికొచ్చింది.

రెండు ఇళ్ళలోనూ రేపటికి గింజ లేదు. దాచుకోకూడదు కదా! మొగుడికి తెలియకుండా ఆవిడ దాచిన కాస్త కూడా, రెండిళ్ళ పొయ్యిల మీదా ఉత్తి నీళ్ళు మరగడం చూడలేక అప్పటికే పంచేసింది. అక్క తన వంటలోంచి ఒక గిన్నె తెచ్చి, "ఇది నీకు, నీ మొగుడికి. గుమ్మంలో పెట్టి పోతాను, కానీ రోజూ పెట్టలేను. ఆ రెండో కొంపకి నా దగ్గర లేదు" అంది. ఉన్నమాటే. అక్కకి మాత్రం ఏముంది?

మూడో రోజు పెయింటరు వచ్చాడు. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాడు. "అయ్యగారూ, రావడం లేదు. మా ఇంట్లో ఏదో పాపం ఉంది. మా ఆవిణ్ణి నిలదీశాను. పంచదార పొట్లం దాచింది, పిల్ల నోట్లో వెయ్యడానికట. కాలవలో పారేశాను. అయినా రావడం లేదు" అన్నాడు.

"పారేశావా?" అంది ఆవిడ.

"దాచకూడదు కదా పెద్దమ్మా."

కాకులాయన చొక్కా తొడుక్కున్నాడు. "పద తమ్ముడూ, ఇది పరీక్ష. అందరం కలిసి మోకరిద్దాం" అన్నాడు. ఆవిణ్ణి కూడా రమ్మన్నాడు. దారి పొడుగునా ఆయన పెయింటరు భుజం మీద చెయ్యి వేసి కాకుల కథ చెబుతూనే ఉన్నాడు. ఆవిడ వెనక నడిచింది.

ఒకటే గది. గోడలకి పెయింటరు ఒకప్పుడు సరదాపడి వేసుకున్న లేత పసుపు రంగు. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు కుతకుత ఉడుకుతున్నాయి. మూల చాప మీద పిల్లతల్లి. ఒళ్ళో పిల్ల ఏడవడం లేదు. అదే కాకులావిణ్ణి భయపెట్టింది. ఏడవడానికి కూడా ఓపిక లేక, నోరు తెరిచి మూస్తోంది. "పాలు పడటం లేదు" అంది తల్లి, ఎవరితోనో చెబుతున్నట్టు కాకుండా, గోడకేసి చూస్తూ.

అందరూ మోకాళ్ళు వేశారు. ఆయన ప్రార్థించాడు. నిజం చెప్పాలంటే అంత బాగా ఆయన ఎన్నడూ ప్రార్థించలేదు. ఆ పిల్ల కోసం గొంతు పగిలేలా ఏడ్చాడు. ఆమేన్ అన్నాక పెయింటరు లేచి తలుపు తీశాడు. గుమ్మం ఖాళీ. వీధిలో ఎవరో సైకిలు తొక్కుకుంటూ పోయారు. వాడు తలుపు వేసి మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండోసారి ప్రార్థన. రెండోసారి తలుపు. ఏమీ లేదు.

"ఇంకా ఏం దాచావే?" అని పెయింటరు పెళ్ళాం మీదికి తిరిగాడు. చెయ్యెత్తాడు.

"దాన్నేమీ అనకు!" అని అరిచింది ఆవిడ. ఆ గొంతు ఎంత పెద్దదో మొగుడికి కూడా అప్పటిదాకా తెలియదు. "తలుపు దగ్గర ఎవరూ ఉండరురా. ఇన్నాళ్ళూ మీ గుమ్మంలో పెట్టింది నేను. ఆ డ్రమ్ము వెనక దాక్కుంది నేను. మా ఇంట్లో కూడా నేనే, ఇన్నేళ్ళూ నేనే, పై వాటా అక్క చేత పెట్టించాను. కోట్లకి కాజాలు కుట్టి తెచ్చాను. ఆ బూట్లు నేను కొన్నాను. ఇప్పుడు నాకు పని పోయింది. అందుకే రావడం లేదు. అంతే. వేరే పాపమేమీ లేదు."

పెయింటరు ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. కాకులాయన కాళ్ళకున్న బూట్లకేసి చూసుకున్నాడు.

లేచింది పిల్లతల్లి. ముందు పొయ్యి ఆర్పేసింది. పిల్లని గుడ్డలో చుట్టి భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, ఆవిడ ముందు ఆగింది.

"ఆ రోజు నేను అడిగాను. పంపు దగ్గర. నిజం చెప్పమని అడిగాను" అంది.

"అడిగావమ్మా."

"మీరు వస్తుందన్నారు."

పిల్లతల్లి వీధిలోకి దిగి, మొదటి ఇంటి తలుపు దబదబ బాదింది. "అమ్మా, మా పిల్లకి కాసిని పాలు పొయ్యండి" అని గట్టిగా, సిగ్గు లేకుండా అడిగింది. ఆ ఇంటివాళ్ళు పోశారు. సాయంత్రం ఆస్పత్రిలో చేర్చారు. పిల్ల బతికింది. ఒక చెవి వినబడదని తర్వాత తెలిసింది, పుట్టుకతో వచ్చిందా ఆ రోజుల వల్ల వచ్చిందా డాక్టర్లు తేల్చలేదు. పెయింటరు నిచ్చెన కొనుక్కుని పనిలోకి పోయాడు గానీ, పిల్లతల్లి మళ్ళీ ఆవిడ మొహం చూడలేదు. వీధిలో ఎదురైతే పక్కకి తప్పుకునేది.

ఇంటికి నడిచేటప్పుడు ఆయన ముందు, ఆవిడ వెనక. తిడతాడనుకుంది, ఏడుస్తాడనుకుంది. ఇన్నేళ్ళ కష్టం తెలిసొచ్చి చెయ్యి పట్టుకుంటాడేమోనని కూడా, చచ్చిన ఆశ, కాస్త అనుకుంది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున్నే లేచి నీళ్ళు పెట్టమనలేదు. మోకాళ్ళు వేయలేదు. బూట్లు గుమ్మం పక్కన విప్పి పెట్టి, ఉత్తికాళ్ళతో తమ్ముడి కొట్టుకి వెళ్ళాడు. తమ్ముడు మారు మాట్లాడకుండా పాత కుర్చీలో కూర్చోబెట్టి, భూతద్దం ఇచ్చాడు. చేతులు వణికాయి. పట్టకారులోంచి మర జారి ఎక్కడో పడింది. రెండోదీ పడింది. "పోనీలే అన్నయ్యా, కొట్టు ఊడ్చి, వచ్చినవాళ్ళకి గోడ గడియారాలు దించి చూపించు" అన్నాడు తమ్ముడు. ఒకప్పుడు తనదైన కొట్టుని ఆయన సాయంత్రం దాకా ఊడ్చాడు.

చీకటి పడకముందే ఒక రొట్టె తీసుకుని ఇంటికొచ్చాడు. బల్ల మీద పెట్టి, సగానికి విరిచి, ఒక ముక్క ఆవిడ వైపు తోశాడు. తన ముక్క తినడం మొదలుపెట్టాడు. స్తోత్రం చెప్పలేదు.

"ఆ మొదటి రోజు నువ్వు సంచి పెట్టించకపోయుంటే," అన్నాడు, ఆవిడకేసి చూడకుండా, "మర్నాడే నేను కొట్టుకి పోయి ఉండేవాణ్ణి. అప్పటికి నా చేతులు బాగానే ఉన్నాయి. లేచి పనికి పో అని ఆయన చెప్పదలచుకున్నాడేమో. ఆకలే ఆయన జవాబేమో. దాన్ని నా దాకా రానివ్వలేదు నువ్వు. పై వాటా ఆవిడ మెట్లు దిగిన చప్పుడుకి నా జీవితమంతా స్తోత్రాలు చెప్పాను."

ఆవిడ ఏ మాటకైనా సిద్ధపడింది గానీ, ఈ మాటకి సిద్ధపడలేదు. ఇన్నేళ్ళూ తను మోసింది బరువనుకుంది. ఆయన అడ్డు అంటున్నాడు. అందులో నిజం ఉండటమే ఆవిడకి భరించరానిదైంది. రెండు చేతులూ బల్ల మీద చాపి, వేళ్ళు విప్పి ఆయన ముందు పెట్టింది.

"చూడండి" అంది.

చూశాడు. పెళ్ళైన ఇన్నేళ్ళకి మొదటిసారి ఆ వేళ్ళని ఒక్కొక్కటిగా చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ మొండితనం కూడా ఆయనదే, మనిషిని చెయ్యి చాచి అడగలేదన్న గర్వం ఒక్కటే మిగిలింది ఇంక ఆయనకి.

"కుట్టమని నేను చెప్పానా? ఇన్నేళ్ళలో నిన్ను ఒక్కటంటే ఒక్కటి అడిగానా?" అన్నాడు.

"అడగలేదు" అంది ఆవిడ. "మీరు దేవుణ్ణే అడిగారు. పక్కన మోకాళ్ళ మీద ఉన్నది నేను. నాకు వినపడింది."